ఖాళీ డ్రమ్ము చప్పుడు

లాండ్రీ వాళ్ళింట్లో బట్టలుతికే పెద్ద డ్రమ్ము బట్టల్లేకుండా కూడా తిరుగుతుందట. ఈ మాట మొదట అన్నది ఆ పక్కన గొడుగులు బాగుచేసే ఆవిడ. రొట్టెల కొట్టులో నిలబడి అందట. రొట్టెలాయన అది పాలావిడ చెవిన వేశాడట. పాలావిడ ఊరుకుంటుందా, "లోపల ఏం ఉతుకుతున్నారో, ఎవరి పాపాలు ఉతుకుతున్నారో" అని తన వంతు కలిపి వీధి చివరిదాకా మోసిందట. అలా తిరిగి తిరిగి ఆ మాట చివరికి వచ్చి పడింది ఎక్కడయ్యా అంటే, ఆ ఇంటి కోడలి చెవిలోనే.

కోడలికి కోపం రాలేదు, నవ్వూ రాలేదు. ఎందుకంటే అది నిజం.

ఆమె ఆ ఇంటికి కాపురానికొచ్చి ఏడాది నిండలేదు. వంతెన అవతల కాలేజీలో, ఒక ల్యాబులో పని. వీధిలో ఆమెకి 'గాజుగొట్టాల కోడలు' అని పేరు పడిపోయింది. ముందు కౌంటరు, దాని వెనక ఇస్త్రీ బల్లలు, ఆ వెనక ఆవిరి కమ్ముకున్న గదిలో డ్రమ్ము, మేడ మీద రెండు గదులు. ఇదీ ఇల్లు. కొత్త కోడలికి అత్తగారు మొదటి రోజు చూపించింది వంటగది కాదు, డ్రమ్ము స్విచ్చి.

"అమ్మాయ్, ఇంట్లో ఏదైనా బాగాలేదని చెప్పాలనుకో, ఇది తిరుగుతున్నప్పుడే చెప్పు. మావాడి చెవిన పడకూడదు."

"ఎందుకత్తయ్యా?"

"ఈ ఇంటి మగాళ్ళకి కోపం తలకెక్కుతుంది. ఎక్కిందంటే దిగదు. మనిషిని తీసుకునే దిగుతుంది."

అని, ఆ కథంతా డ్రమ్ము హోరులో అరిచి మరీ చెప్పింది. తాతగారు, అంటే అత్తగారి మామగారు, ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డవాడు నిలబడ్డట్టే కుప్పకూలాడు. జుట్టింకా నెరవలేదు. ఆ ముందురోజు ఆయన భార్య, పైకప్పు కారుతోందని ఆయనతో గట్టిగా పేచీ పెట్టుకుంది. వీధంతా విన్నది. ఇంకేముంది, ఆవిడే నోటితో మొగుణ్ణి చంపుకుందన్నారు. ఆ నింద మోస్తూనే బతికిందావిడ. కోడలు రాగానే చేసిన మొదటి పని, ఆ పిల్లని డ్రమ్ము పక్కకి లాక్కెళ్ళి, నువ్వు మాత్రం నోరు జాగ్రత్త అని ఒట్టు వేయించుకోవడం. ఆ కోడలే ఇప్పుడీ అత్తగారు. మాట తప్పలేదు. అయినా మొగుడు కూడా కౌంటరులో ఎవరికో కోటు అందిస్తూ అందిస్తూ, మూతి వంకరపోయి, ఆ కోటు మీదే పడి ప్రాణం వదిలాడు.

"నేనేమీ అనలేదు ఆ రోజు," అంది అత్తగారు. "ఒక్క మాట కూడా అనలేదు. అయినా పోయాడు. నా మొహంలో ఏదో చూసి కోపం తెచ్చుకునుంటాడు."

ఇప్పుడు ఆ కోపం వంతు కొడుకుది. ఆ కొడుకుని చూస్తేనేమో, వీధిలో అందరూ 'పత్తి' అని పిలుస్తారు. అంత మెత్తన. ఒకసారి ఇస్త్రీపెట్టె వేలి మీద కాలితే, వేలు నోట్లో పెట్టుకుని పెట్టెని దూరంగా జరిపి, "తప్పు నాదేలే" అన్నాడు దానితో. అలాంటివాడు లోపలికి అడుగుపెట్టగానే డ్రమ్ము ఆగేది, ఆడవాళ్ళిద్దరి నోళ్ళూ మూతపడేవి. పత్తి ఒకసారి అమ్మ మొహం, ఒకసారి భార్య మొహం చూసి, టీ గ్లాసు తీసుకుని మళ్ళీ ముందుకి పోయేవాడు.

కోడలు చదువుకున్నదే. కోపంతో తల పగలడమేమిటని ఒక నవ్వు నవ్వి ఊరుకోవలసింది. కానీ అందరూ నమ్మే ఇంట్లో ఒక్కరే నమ్మకుండా ఉండడం తేలిక కాదు. నెల తిరక్కుండానే ఆమె కూడా, ఉప్పు అయిపోయిందని చెప్పడానికి డ్రమ్ము ఆన్ చేసే స్థితికి వచ్చింది.

ఆ ఇంట్లో ఆమెకి బాగా నచ్చింది ఒక పని. ఏ బట్ట వచ్చినా అత్తగారు దాని అంచుకి పిన్నుతో ఒక చిన్న రేకు బిళ్ళ గుచ్చుతుంది. ఒక బిళ్ళ గుచ్చితే, కౌంటరు మీంచి తీసి లోపల బల్లకి పంపమని. అక్కడ చూసి, బాగుంటే మళ్ళీ ముందుకి, మరకుంటే ఇంకో బల్లకి. హోటళ్ళ దుప్పట్లు చీకిపోయి ఇక దేనికీ పనికిరావనుకుంటే ఒకదానికొకటి తగిలించి బిళ్ళల దండ గుచ్చుతుంది. అది చించి మసిగుడ్డలు చెయ్యమని. చించేముందు బిళ్ళలు ఊడదీసి మళ్ళీ డబ్బాలో పడేస్తుంది. గుడ్డ పోతుంది, బిళ్ళ పోదు.

మొదటిసారి అది చూసినప్పుడు కోడలు పకపకా నవ్వింది.

"ఏమిటే ఆ నవ్వు?"

"మా ల్యాబులో మేం చూసేది ఇదే అత్తయ్యా. మీరు రేకుతో చేస్తున్నారు, ఒళ్ళు ప్రొటీనుతో చేస్తుంది."

దాని పేరు యుబిక్విటిన్. పేరు పెద్దది, మనిషి చిన్నది అన్నట్టు, ప్రొటీన్లలో అదొక పిసరు. కోడలికి దాని మీద ఉన్న మురిపెం చూస్తే, ఎవరైనా సొంత చెల్లెలి గురించి చెప్తోందనుకుంటారు. అది కొయ్యదు, మొయ్యదు, కట్టదు, కూల్చదు. పోయి దేనికో ఒకదానికి అతుక్కుంటుంది, అంతే. కణం గోడలో ఉన్న తలుపుకి ఒక్కటి అతుక్కుంటే, ఆ తలుపుని ఊడదీసి లోపలికి తీసుకుపోతారు. చెడిపోయిన ప్రొటీనుకి దండలా అతుక్కుంటే, పీపా లాంటి ఒక యంత్రంలోకి తోసి ముక్కలు చేస్తారు. తోసేముందు దీన్ని మాత్రం జాగ్రత్తగా ఒలిచి పక్కన పెడతారు, మళ్ళీ పనికి. పొరపాటున అతుక్కుందనుకో, పీకి పారేసే వాళ్ళు కూడా వేరే ఉన్నారు. రొట్టె పొంగించే ఈస్టులోనూ అదే, మనిషిలోనూ దాదాపు అదే. అన్ని కోట్ల ఏళ్ళలో ప్రకృతి ఎన్నో వస్తువులు మార్చిందిగానీ, దీని మీద చెయ్యి వెయ్యడానికి మాత్రం జంకింది.

"కూల్చేవాడు కాదు గొప్ప," అనేది కోడలు. "ఏది కూల్చాలో, ఏది జరపాలో, ఏది ఉంచాలో చెప్పేది గొప్ప."

"బిళ్ళ గుచ్చేది నేను కదా. గొప్ప నాది," అనేది అత్తగారు. అది కూడా డ్రమ్ము హోరులోనే.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున, పత్తి తెల్ల దుప్పటి ఒకటి బల్ల మీద పరిచి, కణతలు రెండూ పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. ముక్కులోంచి నెత్తురు దుప్పటి మీద టపటపా పడింది. అత్తగారు పరిగెత్తుకొచ్చింది. వచ్చి, ముందు కొడుకు వంక కాదు, కోడలి వంక చూసింది.

"ఏమన్నావే వాణ్ణి?"

"నేనేమీ అనలేదత్తయ్యా!" అంది కోడలు. అన్నాకగానీ తట్టలేదు, డ్రమ్ము పక్కన అత్తగారు అన్నదీ ఈ మాటేనని.

ఆసుపత్రిలో బీపీ చూసిన నర్సు ఒకసారి మిషను వంక చూసి, ఇంకో మిషను తెచ్చింది. అదీ అంత ఎక్కువే చెప్పింది. డాక్టరు మాత్రలు రాశాడు. తగ్గలేదు. మార్చి రాశాడు. తగ్గలేదు. రక్తంలో పొటాషియం తక్కువుందని సీసా మందు ఇస్తే, తాగినన్నాళ్ళు కాస్త పెరిగి మళ్ళీ మొదటికొచ్చింది.

"ఉప్పు తగ్గించు. కోపం కూడా తగ్గించుకోవాలి," అన్నాడు డాక్టరు.

"ముందు ఎక్కడైనా దొరికితే కదండీ, తగ్గించుకోడానికి," అన్నాడు పత్తి.

డాక్టరు నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. ఇంటికి రాగానే డ్రమ్ము వేసింది. ఆ రోజు నుంచి అది ఆగిందే లేదు. కరెంటు బిల్లు గురించి గొడుగులావిడకి బెంగ పట్టుకుంది. ఇంట్లో మాత్రం చెంచా కింద పడినా అత్తగారు ఉలిక్కిపడేది. కొడుకు మెట్లెక్కుతుంటే ఊపిరి బిగబట్టేది. పత్తి రాత్రి పూట పిక్కలు పట్టేసి లేచి కూర్చునేవాడు. పైకి మూలిగేవాడు కాదు. మూలిగితే అమ్మ లేస్తుందని.

కోడలు మనసు పెట్టలేకపోయినా ల్యాబుకి వెళ్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం మైక్రోస్కోపు దగ్గర కూర్చుని, ఏడాదిగా చూస్తున్నదే మళ్ళీ చూస్తోంది. కిడ్నీ కణాలు. వాటి గోడల్లో ఉప్పుని లోపలికి రానిచ్చే తలుపులు. కనబడడానికి ఆ తలుపులకి పచ్చగా మెరిసే రంగు. మామూలు కణంలో ఆ పచ్చదనం కొంత అంచున, కొంత లోపల చుక్కలు చుక్కలుగా ఉంటుంది. యుబిక్విటిన్ అతుక్కున్న తలుపులు ఊడి లోపలికి పోతుంటాయి కదా. ఇంకో గిన్నెలో కణాలకి, కావాలని ఆ తలుపు తోక కత్తిరించారు. యుబిక్విటిన్‌ని తెచ్చి అతికించే ప్రొటీను, అంటే బిళ్ళ గుచ్చే చెయ్యి, పట్టుకునేది ఆ తోకనే. తోక లేకపోతే పట్టు దొరకదు. తలుపు ఊడదు. అక్కడ పచ్చదనమంతా అంచునే, వెలుగుతున్న కంకణంలా నిలబడిపోయి ఉంది.

ల్యాబు మేడం వెనక నుంచి తొంగిచూసి, "అందంగా ఉంది కదూ!" అంది. "పాపం, నిజంగా ఇలా పుట్టినవాళ్ళకి మాత్రం అందం కాదు. ఉప్పు లోపలికి వస్తూనే ఉంటుంది, పొటాషియం బయటికి పోతూనే ఉంటుంది. చిన్న వయసులోనే బీపీ. మామూలు మాత్రలకి లొంగదు. కుటుంబాలకి కుటుంబాలే..."

మేడం ఇంకా ఏదో చెప్తోంది. కోడలు కుర్చీలోంచి లేచిపోయింది. ఆ జబ్బు గురించి ఆమె చదవక కాదు. తన వ్యాసం మొదటి పేరాలో దాని గురించి తనే రాసింది. కానీ చదివిన జబ్బున్న మనిషికి ఒక ఇస్త్రీ బల్ల ఉంటుందని, పత్తి అని ముద్దుపేరు ఉంటుందని, పక్కన తనే పడుకుని ఉంటుందని ఎప్పుడూ తోచలేదు.

ఇంటికొచ్చేసరికి పత్తి ముందు గదిలో చొక్కాలు మడతపెడుతున్నాడు. వెనక డ్రమ్ము గుడగుడలాడుతోంది, లోపల ఒక్క గుడ్డ లేదు. అత్తగారు దాని పక్కన స్టూలు మీద ఊరికే కూర్చుని ఉంది. కోడలు వెళ్ళి స్విచ్చి ఆపేసింది.

ఇల్లంతా ఒక్కసారిగా చెవుడు వచ్చినట్టయింది.

"ఏమిటే, పిచ్చా?" అని అత్తగారు గుసగుసగా అని, స్విచ్చి మీదకి చెయ్యి చాచింది. కోడలు ఆ చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, నేను అడిగేవాటికి గట్టిగానే జవాబు చెప్పండి. మామయ్యగారికి పిక్కలు పట్టేసేవా?"

అత్తగారి కళ్ళు ముందు గది గుమ్మం మీదే ఉన్నాయి. అక్కడ చొక్కాల చప్పుడు ఆగిపోయింది.

"...పట్టేసేవి. రోజూ నేనే నూనె రాసేదాన్ని. నీకెవరు చెప్పారు?"

"తాతగారికి?"

"బల్ల పట్టుకుని కాలు విదిలించుకుంటూ నిలబడేవాడని మా అత్తగారు అనేది."

"ఆడవాళ్ళలో ఎవరికైనా?"

"ఆడవాళ్ళకేముంది. మా ఆడపడుచు ఒకతి ఉండేది. కాన్పుకి ముందు ఒళ్ళంతా ఉబ్బి, ఫిట్లొచ్చి పోయింది. పాతికేళ్ళు లేవు. దానికీ తలనొప్పులే ఎప్పుడూ." అత్తగారు ఆగి, తనలో తను అనుకుంటున్నట్టు అంది, "దానికి కోపమని మాత్రం ఎవరూ అనలేదు. ఆడదానికి కోపముంటుందని ఎవరనుకుంటారు?"

పత్తి గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు, చేతిలో సగం మడిచిన చొక్కాతో. "డ్రమ్ము చెడిపోయిందా?" అన్నాడు.

"లేదు. నువ్వూ కూర్చో. నీ గురించే," అంది కోడలు.

బిళ్ళల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. ఒక దుప్పటి అంచు పట్టుకుని, ఇది కిడ్నీలో ఉప్పు తలుపు అనుకోండి అని మొదలుపెట్టింది. రోజూ కొన్ని తలుపులు పెడతారు, కొన్ని తీస్తారు. తియ్యవలసినదానికి చిన్న బిళ్ళ అంటిస్తారు. పెట్టేవాళ్ళు పెడుతూ, తీసేవాళ్ళు తీస్తూ ఉంటేనే లోపల ఉప్పు సమంగా ఉంటుంది. చెప్తూ చెప్తూ, దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుని కొస చరచరా చింపేసింది.

"అయ్యో, హోటలు వాళ్ళదే అది!" అంది అత్తగారు.

"ఇప్పుడు గుచ్చండి అత్తయ్యా బిళ్ళ."

అత్తగారు అలవాటు కొద్దీ పిన్ను తీసుకుని, చిరిగిన కొసన పెట్టింది. దారాలు జారాయి, పిన్ను నిలవలేదు. ఇంకోచోట పెట్టింది. అక్కడా జారింది. పిన్ను పట్టుకున్న చెయ్యి గాల్లో అలాగే ఆగిపోయింది.

"అంచు లేకపోతే బిళ్ళ నిలవదు. బిళ్ళ లేకపోతే ఎవరూ తియ్యరు. తలుపులు పెట్టుకుంటూ పోతారు... తీసేవాడుండడు."

"అంతే అత్తయ్యా. వీళ్ళ ఒంట్లో ఆ తలుపు పుట్టడమే అంచు లేకుండా పుట్టిందేమోనని నా అనుమానం. తాతగారి నుంచి వచ్చిందేమో. బిళ్ళ బాగానే ఉంది, గుచ్చే చెయ్యి బాగానే ఉంది. పట్టుకోడానికి కొస లేదు."

"ఇంత బిళ్ళా?" అత్తగారు ఒక రేకు బిళ్ళ తీసి, వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "ఇంత బిళ్ళ నిలవక ఇంతమంది పోయారా?"

"దీనికి లక్షో వంతు కూడా ఉండదు. అది నిలిచినన్నాళ్ళు ఎవరికీ దాని పేరు కూడా తెలీదు."

"ఇంటి ఇల్లాలు లాంటిదన్నమాట," అన్నాడు పత్తి. ఇద్దరూ అతని వంక చూశారు. డ్రమ్ము లేకుండా ఆ ముగ్గురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం అదే మొదటిసారని ముగ్గురికీ ఒకేసారి తట్టింది.

మర్నాడు డాక్టరు మొదట ఒప్పుకోలేదు. "ల్యాబులో చూసిన జబ్బల్లా ఇంట్లో వెతక్కూడదమ్మా," అన్నాడు. కానీ మంచివాడు, విన్నాడు. తాతగారి కాలు, మామగారి పిక్కలు, కాన్పులో పోయిన ఆడపడుచు, ఒక్కొక్కటీ అత్తగారే నోరు తెరిచి చెప్పింది. చెప్పేకొద్దీ డాక్టరు ముందుకి వంగాడు. ఉప్పుని పట్టి ఉంచమని ఒంటికి చెప్పే హార్మోను ఎంతుందో చూడమని రాశాడు. అది అడుగంటి ఉంది. అంటే, రమ్మని పిలిచేవాడు లేకుండానే ఉప్పు వచ్చేస్తోంది. తలుపు దానంతటది తెరుచుకునే ఉంది. జన్యు పరీక్షకి కూడా రక్తం పంపాడు. ఆ ఫలితం వచ్చేలోపే, ఆ తలుపుకే నేరుగా అడ్డం పడే మాత్ర ఒకటుందని అది మొదలుపెట్టాడు. కొత్తదేం కాదు, ఎప్పటినుంచో ఉన్న మాత్రే. ఇన్నాళ్ళూ ఎవరికీ ఇది అవసరమని తెలియలేదు, అంతే.

బీపీ దిగడం మొదలుపెట్టింది. నర్సు ఈసారీ రెండో మిషను తెచ్చి చూసింది, నమ్మకం లేక. పిక్కలు పట్టడం పోయింది. పత్తి రాత్రిళ్ళు ఒళ్ళు తెలియకుండా గురక పెట్టాడు. ఆ గురకకి కోడలికి నిద్రపట్టలేదు. అయినా ఒక్కసారి కూడా తట్టి లేపలేదు. పడుకుని వింటూ, ఆ కణాల్లో ఊడని తలుపుల ముందు ఆ మాత్ర ఎలా అడ్డంగా నిలబడి ఉంటుందో ఊహించుకునేది. మందు మంచిదే. అయినా మందుని చూస్తే గౌరవమే, ఆ బిళ్ళని తలుచుకుంటే మాత్రం ఆశ్చర్యం. ఎవరూ చెప్పకుండా, ఎక్కడా కనబడకుండా, మిగిలినవాళ్ళందరి ఒళ్ళల్లో ప్రతి క్షణం ఆ పని జరిగిపోతూనే ఉంది. ఎదురింటివాళ్ళ ఒంట్లో, పాలావిడ ఒంట్లో, చాడీలు చెప్పే గొడుగులావిడ ఒంట్లో కూడా.

జన్యు పరీక్ష ఫలితం వచ్చిన సాయంత్రం, అది అనుకున్నట్టే ఉందని కోడలు చెప్తుంటే, పత్తి బల్ల మీద బట్టలు సర్దుతూ విన్నాడు. అంతా విని, తల ఎత్తకుండానే అన్నాడు:

"నేను లోపలికి రాగానే మీరు మాటలాపేసేవారు కదమ్మా. చిన్నప్పట్నుంచీ. నాన్నా నేనూ అంటే నీకు పడదనుకునేవాణ్ణి. నాన్న కూడా అదే అనుకున్నాడు. ఒకసారి నాతో అన్నాడు కూడా."

అత్తగారు మడతపెడుతున్న దుప్పటి ఒళ్ళో పెట్టుకుని కొడుకు వైపు తిరిగింది. ఏమనేదో, అప్పుడే వీధి తలుపు తోసుకుని గొడుగులావిడ వచ్చింది. డ్రమ్ము ఖాళీగా తిరగడం మానేసి ఎన్నో రోజులైంది కదా, ఆవిడకి కడుపు ఉబ్బిపోతోంది.

"మిషను అమ్మేశారా ఏమిటి వదినా?" అంటూ కూర్చుంది. పత్తే దాచకుండా అంతా చెప్పాడు. కోపం కాదట, ఉప్పు తలుపట, చిన్న బిళ్ళ నిలవకపోవడమట. గొడుగులావిడ బుగ్గ మీద వేలు వేసుకుని విన్నది. సగం అర్థమైంది, సగం రేపు రొట్టెల కొట్టులో చెప్పడానికి దాచుకుంది.

"అయితే అన్నయ్యగారిది కూడా కోపం కాదన్నమాట!"

"ఆయనదీ ఇదే పిన్నిగారూ," అంది కోడలు. "ఎవరేమన్నా, అనకపోయినా, ఒకటే."

"ఏదైతేనేం," అంది గొడుగులావిడ, అత్తగారి మోకాలి మీద చెయ్యి వేసి. "నీలాంటి ఓర్పు ఎవరికుంటుంది వదినా? అన్నేళ్ళ కాపురంలో మొగుణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అదృష్టవంతుడు. పోయేదాకా మహారాజులా చూసుకున్నావు."

అత్తగారు ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"ఓర్పూ లేదు, పాడూ లేదు. భయపడ్డాను. ఆయన చొక్కా మీద ప్రతి మరకా నాకు తెలుసు. నేనేమిటో ఆయనకి ఏమీ తెలీదు. ఒక్కపూట పోట్లాడి ఉంటే, పెళ్ళాం ఎవరో తెలుసుకునైనా పోయేవాడు."